ఏడో వరస

మచిలీపట్నం,
జూలై 6

యేసుదాసు మాస్టారికి,

హెప్సిబా వందనాలు. గుర్తున్నానో లేదో. నాగాయలంక హైస్కూలు, పదో తరగతి బి సెక్షను, కిటికీ పక్కన మూడో బెంచీ. మా నాన్న లాకుల దగ్గర పనిచేసేవారు. లెక్క తప్పితే మీరు సుద్దముక్క విసిరేవారు, నా నుదుటికి రెండుసార్లు తగిలింది. ఇంత చెప్పినా గుర్తు రాకపోతే ఇక నేను చేయగలిగింది లేదు.

ఫోను చేద్దామని మీ అమ్మాయి దీవెన నంబరు సంపాదించాను. "నాన్నకి ఫోన్లో సగం మాటలు వినపడవక్కా, వినపడ్డ సగానికి కోప్పడతారు. ఉత్తరం రాయి, అదైతే కుదురుగా చదువుతారు" అంది. ఎన్నేళ్ల తర్వాతో పోస్టాఫీసు మెట్లెక్కి కవర్లు కొనుక్కొచ్చాను.

సంగతి ఇదీ. నేను గుడివాడలో అమ్మ దగ్గర ఉంటూ వారానికి ఐదు రోజులు బందరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. తుఫాను వస్తే ఏ ఊరి నుంచి ఎంతమంది ఏ షెల్టరుకి చేరతారో ముందే లెక్కకట్టే పని ఈ ఏడు మాకు వచ్చింది. మా జాబితా చూసే బస్సులు, పడవలు, బియ్యం పంపుతారు. జాబితాలో లేని ఊరికి ఏదీ వెళ్లదు. దివిసీమలో మీ వైపు ఊళ్లు నా వంతుకి వచ్చాయి.

లెక్క మీరు నేర్పిన మాత్రికల గుణకారమే. మొదటి పట్టికలో ఒక్కో అడ్డు వరస ఒక్కో ఊరు, ఒక్కో నిలువు వరస ఒక్కో దారి. ఏ ఊరివాళ్లు ఏ దారిన ఎంతమంది బయల్దేరతారన్నది అందులో ఉంటుంది. రెండో పట్టికలో ఒక్కో దారిన పోయినవాళ్లలో ఎన్నో వంతు ఏ షెల్టరుకి చేరతారన్నది ఉంటుంది. రెండూ గుణిస్తే ఏ ఊరివాళ్లు ఏ షెల్టరులో తేలతారో వచ్చేస్తుంది. ఎడమచేతి వేలు అడ్డంగా, కుడిచేతి వేలు కిందికి, రెండూ కలిసిన చోట జవాబు. ఇప్పటికీ నాకు బల్ల మీద వేళ్లు కదపకుండా ఈ లెక్క రాదు. ప్రోగ్రాంలో మాత్రం పెట్టెలో పెట్టెలుగా రాయాలి, అది నేను చూసుకుంటాను.

నాకు కావలసింది అంకెలు. మీ చుట్టుపక్కల ఎవరు ఏ దారిన వెళ్తారో మీకు తెలిసినంత రికార్డులకి తెలీదు. దయచేసి రాసి పంపండి.

ఇంకోమాట. ఆఫీసులో మధ్యాహ్నం విస్తరి భోజనం తెప్పించుకుంటాం. తిన్నాక నేను విస్తరిని నాలుగు మడతలు పెట్టి, మూలని కుడివైపుకి దోపుతుంటే మా మేనేజరు వెంకట్ గారు "కవరు అంటిస్తున్నావా అమ్మా" అని నవ్వుతారు. మా మాస్టారు అలాగే నేర్పారండీ, కుక్కలు లాగినా మెతుకు బయటపడదు అన్నాను.

మీ శిష్యురాలు,
హెప్సిబా

*

గరువుపాలెం, నాగాయలంక దగ్గర,
జూలై 15

చిరంజీవి హెప్సిబాకు,

ఆశీస్సులు. గుర్తున్నావు. సుద్దముక్కలు రెండు కాదు, మూడు. మూడోసారి నువ్వు తల వంచేశావు, వెనక బెంచీవాడికి తగిలి వాడు ఏడ్చాడు. లెక్కలు అడగడానికి వచ్చినదానివి లెక్క తప్పుతోనే మొదలుపెట్టావు.

నువ్వడిగినవి కూర్చుని రాసినవి కావు. వారం రోజులు సైకిలు మీద తిరిగి, ఇంటింటికీ అడిగి రాసినవి. పంచాయతీ కాగితాల్లో చచ్చినవాళ్లు బతికే ఉంటారు, పుట్టినవాళ్లు పుట్టరు. వాటిని నమ్మకు.

ఊళ్లు ఏడు. దారులు మూడు: కరకట్ట, కాలువ గట్టు, రేవు. చేరే చోట్లు రెండు: మా తుఫాను షెల్టరు, హైస్కూలు. మా ఊరు మొదటి వరస. కరకట్ట మీద 120 మంది, కాలువ గట్టు మీద 60 మంది, రేవు దాటి ఎవరూ లేరు. ఇలాగే మిగతా ఐదు ఊళ్లు వేరే కాగితం మీద ఉన్నాయి. ఏడోది ఈతదిబ్బ. కరకట్ట 0, కాలువ గట్టు 0, రేవు 43.

ఇక రెండో పట్టిక. కరకట్ట మీద వచ్చినవాళ్లలో సగం షెల్టరుకి, సగం హైస్కూలుకి. కాలువ గట్టు మీద వచ్చినవాళ్లంతా హైస్కూలుకే. రేవు దారికి షెల్టరు 0, హైస్కూలు 0. నీళ్లు లేచాక ఆ రేవు దాటినవాడు లేడు.

మా ఊరిది నేను చేతితో కట్టాను, సరిచూసుకో. షెల్టరుకి 60, హైస్కూలుకి 120. నీ యంత్రానికి వేరే జవాబు వస్తే తప్పు యంత్రానిది.

ఏడో వరసను మాత్రం కదపకు. ఎందుకని అడగకు.

యేసుదాసు

*

మచిలీపట్నం,
జూలై 27

మాస్టారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు.

ప్రోగ్రాం రాశాను. పైథాన్ అనే భాషలో. ఒక పెట్టె, అందులో ఏడు చిన్న పెట్టెలు, ఒక్కో చిన్న పెట్టె ఒక్కో ఊరి వరస. జవాబు కోసం ఖాళీ పట్టిక ముందే కట్టి పెట్టుకున్నాను, అన్నీ సున్నాలతో. తర్వాత ఒక్కో గడికీ మొత్తం కట్టి అందులో వేశాను. నిన్న మధ్యాహ్నం నడిపాను.

ఏడు ఊళ్లకీ 0, 0 వచ్చింది. ఒక్క మనిషి కూడా ఎక్కడికీ చేరలేదు.

ఎక్కడ పోయిందో చూద్దామని ఒక్కో అడుగు తర్వాత ఆపి చూశాను. మొదటి వరస అయ్యాక మీ ఊరికి 60, 120 వచ్చింది, మీరు కట్టినట్టే. రెండో ఊరు వచ్చింది, మూడోది వచ్చింది. లెక్క నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు చేరుతూనే ఉన్నారు మాస్టారూ. ఏడో వరస దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారిగా లేకుండా పోయారు. మళ్లీ నడిపాను. మళ్లీ అంతే. ఆ సమయానికి కరెంటు పోయింది, గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, లాప్‌టాప్ వెలుగులో ఏడు పేర్లు, ఏడు జతల సున్నాలు. భయమేసిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ భయమే వేసింది.

రాసిన ప్రోగ్రాం అంతా చేతితో కాపీ చేసి ఇందులో పెడుతున్నాను. మీకు కంప్యూటరు రాదని తెలుసు. అయినా తప్పు పట్టుకోవడంలో మీ తర్వాతే ఎవరైనా.

ఈతదిబ్బ గురించి అడగకు అన్నారు. అడగకుండా ఉండలేకపోతున్నాను. ఓటర్ల జాబితాలో లేదు, రేషను కార్డుల్లో లేదు. ఉపగ్రహం ఫొటోలో ఆ చోట మడచెట్లు, బురద తప్ప ఏమీ లేవు. ఆ 43 మంది ఎవరు?

హెప్సిబా

*

గరువుపాలెం,
ఆగస్టు 5

చిరంజీవి హెప్సిబాకు,

పైథాన్ అంటే కొండచిలువ అని దీవెన చెప్పింది. మనుషుల్ని మింగిందంటే ఆశ్చర్యం ఏముంది.

నీ కాగితం మూడు రోజులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. భాష రాకపోయినా వరస వరస వేలు పెట్టి చదివాను. తప్పు గుణకారంలో లేదు. ఖాళీ పట్టిక కట్టిన మొదటి వాక్యంలోనే ఉంది. సున్నాల వరస ఒకటి చేసి, దాన్ని ఏడుతో గుణించావు. ఏడు వరసలు వచ్చాయనుకున్నావు. నాకు అర్థమైనంతలో నీకు వచ్చింది ఒకే వరస, దానికి ఏడు పేర్లు.

బడిలో ఏడుగురు పిల్లలకి ఒకే పలక ఇచ్చావనుకో. మొదటివాడు లెక్క చేస్తాడు, సరిగ్గానే చేస్తాడు. రెండోవాడు అది చెరిపి తనది రాస్తాడు. ఇలా ఏడోవాడి దాకా. చివర్న "ఎవరి జవాబు వాళ్లు చూపించండి" అంటే ఏడుగురూ ఆ ఒక్క పలకే చూపిస్తారు. దాని మీద ఉండేది ఏడోవాడి లెక్క. ఏడోవాడిది సున్నా అయితే అందరిదీ సున్నానే. పిల్లకో పలక కొనివ్వు, సరిపోతుంది.

నీకు భయమేసిందన్నావు. నాకు నవ్వు రాలేదు అమ్మాయ్. ఏడో ఊరికి ఏం జరిగిందో అదే అందరికీ జరిగినట్టు చూపించింది నీ యంత్రం.

ఈతదిబ్బ ఉంది. ఫొటో పైనుంచి తీస్తారు కాబట్టి కనపడదు. సాయంత్రం కరకట్ట మీద కూర్చుంటే రేవు అవతల దీపాలు కనిపిస్తాయి. జూన్ నుంచి చూస్తున్నాను. పన్నెండు దీపాలు. రోజూ లెక్కపెడతాను, రోజూ పన్నెండే.

యేసుదాసు

*

గుడివాడ,
ఆగస్టు 17

మాస్టారికి వందనాలు.

ఒకే పలక అన్నమాట అక్షరాలా నిజం. ఊరికో కొత్త వరస కట్టాను, ఆరు ఊళ్లూ సరిగ్గా వచ్చేశాయి. వెంకట్ గారికి చూపిస్తే "ఎవరమ్మా కనిపెట్టింది" అన్నారు. డెబ్భై ఏళ్ల మా మాస్టారు, కంప్యూటరు ముట్టుకోకుండా అన్నాను. ఆయన నమ్మలేదు, నాకేం పోయింది.

ఈతదిబ్బకి ఇంకా 0, 0 వస్తోంది. అది తప్పు కాదు, రేవు దారి ఎక్కడికీ చేరదని మీరే రాశారు కదా.

మాస్టారూ, దీవెన ఫోను చేసింది. మీకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయట, ఆపరేషనుకి ఒప్పుకోవడం లేదట. మీరు దీపాల మాట పదేపదే అంటుంటే మీ అల్లుడు విజయ్ కుమార్ గారు ఆదివారం పడవ కట్టించుకుని ఈతదిబ్బకి వెళ్లి చూసొచ్చారట. మడచెట్ల మధ్య పాత బావి వరలు రెండు తప్ప మనిషి జాడ లేదట. పొయ్యి పెట్టిన గుర్తు కూడా లేదట. శుక్లాలు ముదిరితే ఒక్క వెలుగు నాలుగుగా కనిపిస్తుందని డాక్టరు చెప్పారట. మీరు కోప్పడతారని ఆ మాట నన్ను రాయమంది. ఆపరేషను చేయించుకోండి. గుడివాడలో మంచి డాక్టరున్నారు, మా ఇంట్లోనే ఉండొచ్చు. అమ్మ కూడా అదే అంటోంది.

ఏడో వరస సంగతి నేను చూసుకుంటాను. మీరు దిగులు పెట్టుకోకండి.

హెప్సిబా

*

గరువుపాలెం,
సెప్టెంబరు 20

హెప్సిబాకు,

పంచాయతీ ఆఫీసు గోడకి మీ జాబితా అంటించారు. దీవెన చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఊళ్లు ఆరు.

చూసుకుంటానంటే ఇదేనా చూసుకోవడం? తీసేస్తున్నానని ఒక్క ముక్క రాయడానికి నీకు చేయి రాలేదా? ముసలాడికి కళ్లు లేవు, గోడ మీది కాగితం ఏం చదువుతాడులే అనుకున్నావా? సుద్దముక్క విసిరే దూరంలో లేవు, బతికిపోయావు.

నిన్ను తిట్టి లాభం లేదు. నువ్వు చేసిన పని నీకంటే ముందు నేను చేశాను. ఎవరికీ చెప్పలేదు. దీవెనకి కూడా తెలీదు. చదివాక చించెయ్యి.

డెబ్భై ఏడు ఉప్పెన ఏడాది నాకు ఇరవై రెండేళ్లు. ఆ జూన్‌లోనే ఇక్కడ బడి పెట్టాను. ఈతదిబ్బ నుంచి పన్నెండు మంది పిల్లలు రేవు దాటి వచ్చేవాళ్లు. మిగతా ఊళ్ల పిల్లలు మధ్యాహ్నం అన్నానికి ఇళ్లకి పోయేవాళ్లు. ఈ పన్నెండు మందికి పోవడం కుదరదు కాబట్టి బడిలోనే తినేవాళ్లు. మా అమ్మ చారు కాచి అన్నం పెట్టేది, బాదమాకుల విస్తళ్లలో. తిన్నాక మడత పెట్టడం నేనే నేర్పాను. నాలుగు మడతలు, మూల ఎడమవైపుకి దోపడం. వరసగా పెట్టి పోయేవాళ్లు, పన్నెండూ ఒకేలా ఉండేవి. ఆ ఏడాది తర్వాత ఇంకే పిల్లలకీ ఎడమవైపు నేర్పలేదు. నీకు కుడివైపు నేర్పాను. ఇప్పుడు తెలిసిందా ఎందుకో.

నవంబరులో గాలి మొదలైన రోజు పొద్దున ఊరి పెద్దలు నన్ను పిలిచారు. ఒక పడవ ఉంది, ఏ దిబ్బ మీద ఎంతమంది ఉన్నారో రాయి మాస్టారూ, అటు పంపుదాం అన్నారు. నేను హాజరుపట్టీ తీశాను. ఈతదిబ్బ పన్నెండు మందీ వారం నుంచి రాలేదు. ఏటా కోతల రోజుల్లో ఆ దిబ్బవాళ్లంతా పిల్లల్ని వెంటబెట్టుకుని పైఊళ్లకి కూలికి పోతారు. పోయి ఉంటారనుకున్నాను. ఈతదిబ్బ అని రాసి, పక్కన సున్నా పెట్టి, తర్వాత ఆ వరసే కొట్టేశాను. పడవ వేరేచోటికి పోయింది.

వాళ్లు కోతలకి పోలేదు. పిల్లలకి కళ్లకలక. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని అందరూ ఇంట్లో ఉన్నారు. పిల్లల్ని వదిలి పెద్దవాళ్లూ పోలేదు. నలభై మూడు మంది. ఇది తర్వాత నాకు తెలిసింది, వాళ్లలో ఒక్కరూ మిగలనప్పుడు.

ఒక మనిషి కొట్టేసిన గీత అది. వరద కాదు, గాలి కాదు. నా గీత. ఇప్పుడు నువ్వు అదే ఊరి మీద అదే గీత గీశావు. నా కళ్లు పోయాయంటున్నారు, పోయాయనే అనుకుందాం. అక్కడ ఎవరూ లేరని నీకెలా తెలుసు? నాకెలా తెలిసిందో అలాగే కదా.

యేసుదాసు

*

మచిలీపట్నం,
సెప్టెంబరు 30

మాస్టారికి,

మీ ఉత్తరం చించలేదు. క్షమించండి. దాన్ని బైబిల్లో పెట్టాను, ఎవరూ చూడరు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆరోజు నుంచీ తిరుగుతున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. వెంకట్ గారు లేని ఊరిని తీసేయమన్నారు. నాకు మనసొప్పలేదు. అందుకని దొంగపని చేశాను. పట్టికకి నకలు తీసి, నకలులో ఈతదిబ్బ 43 దగ్గర సున్నా పెట్టాను, అన్నీ సున్నాలే ఉన్న వరస అచ్చు కాకుండా చేశాను. అసలు పట్టికలో మీ అంకె మీరు రాసినట్టే ఉంటుంది, మాస్టారికి ఇచ్చిన మాట తప్పినట్టు కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మీ ఉత్తరం చదివాక అసలు పట్టిక తెరిచి చూశాను. అందులోనూ సున్నానే ఉంది.

నేను అసలుని ముట్టుకోలేదు. గంటసేపు వెతికితే అర్థమైంది. నకలు తీస్తే పై పెట్టె ఒక్కటే కొత్తది వచ్చింది, లోపలి చిన్న పెట్టెలు రెండింటికీ అవే. మళ్లీ అదే పలక. నకలులో చెరిపితే అసలులో చెరిగిపోయింది. ఒకసారి మీరు దిద్దిన తప్పే ఇంకో వేషంలో వస్తే పోల్చుకోలేకపోయాను. కాగితం మీద గీసిన గీత ఊరి దాకా ఎలా పోతుందో మీరు రాశారు, నేను చూశాను.

43 మళ్లీ నా చేత్తో రాశాను. తర్వాత చాలాసేపు రెండు వేళ్లూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ వేలు ఈతదిబ్బ వరస మీద, కుడి వేలు షెల్టరు వరస మీద. రెండూ ఎప్పుడు కలిసినా సున్నానే. అప్పుడు అర్థమైంది మాస్టారూ, తప్పు మొదటి పట్టికలో లేదు. అక్కడ ఎంతమందిని రాసినా ఆ సున్నా వాళ్లని మింగేస్తుంది. మార్చాల్సింది రెండో పట్టికలో రేవు వరసని. రేవుకి ఒక పడవ కట్టాను. షెల్టరు కింద 0 తీసి 1 పెట్టాను.

ఈతదిబ్బ: షెల్టరు 43, హైస్కూలు 0. జీవితంలో ఇంత చిన్న లెక్కకి ఎప్పుడూ ఏడవలేదు.

జాబితా మార్చాలంటే వెంకట్ గారి సంతకం కావాలి. అడుగుతాను.

హెప్సిబా

*

మచిలీపట్నం,
అక్టోబరు 26, పొద్దున్నే

మాస్టారూ,

పోస్టు కోసం ఆగితే అందదు. నాగాయలంక బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, దీవెన వచ్చి తీసుకుంటుంది.

తుఫాను మనవైపే తిరిగింది. ఈ రాత్రికే తీరం దాటుతుందంటున్నారు. ఏడు వరసలతో కొత్త జాబితా నిన్ననే వెళ్లింది. వెంకట్ గారు సంతకం పెట్టలేదు. "ఆరు ఊళ్లకే పడవలు చాలడం లేదు, మడచెట్లకి పడవ పంపి అక్కడ ఎవరూ లేకపోతే వేరే ఊళ్లో మనుషులు మునుగుతారు, ఆ పాపం ఎవరిది" అన్నారు. ఆయన మాట అన్యాయం కాదు. ఆ వరసకి ఎదురుగా బాధ్యత నాదని రాసి నేనే సంతకం పెట్టాను. ఎవరూ లేకపోతే ఉద్యోగం పోతుంది, అది పోతే పోయింది. ఆ పడవ అందక ఇంకెవరైనా పోతే ఏం చేయాలో నాకు తెలీదు. ఆ మాటే రాత్రంతా కుమ్మరిపురుగులా తొలిచింది.

పడవ ఎల్లయ్యది. ఈ మధ్యాహ్నం ఈతదిబ్బకి వెళ్తాడు. షెల్టరులో నలభై మూడు మందికి బియ్యం, విస్తళ్లు వస్తాయి. మీరు తలుపు దగ్గర ఉండండి. లెక్క మీరే చూడండి.

హెప్సిబా

*

గరువుపాలెం,
నవంబరు 3

చిరంజీవి హెప్సిబాకు,

ఇల్లు నిలిచింది, వంటగది రేకులు పోయాయి. ఆరు ఊళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. నీ పడవ వల్ల ఎవరూ మునగలేదు. ముందు ఈ సంగతి చదువుకుని, ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

ఆ మధ్యాహ్నం షెల్టరు గుమ్మంలో కుర్చీ వేసుకుని నీ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆకాశం సిరా పోసినట్టు ఉంది. మూడు గంటలకి ఎల్లయ్య వచ్చాడు. వాడి వెనక తడిసి ముద్దయిన జనం. ఆడవాళ్లు, మగవాళ్లు, చంకల్లో పిల్లలు. వాడి మొహం తెల్లబోయి ఉంది. "మాస్టారూ, మడచెట్ల వెనక గుడిసెలేసుకుని ఉన్నారండీ. అటుపక్క ఎవరో రొయ్యల చెరువులు తవ్విస్తున్నారంట. ఇంకో గంటైతే ఇక అంతేనండీ" అన్నాడు.

ఒక్కొక్కరి తల మీదా చేయి పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఒకరు. రేవు అవతల ఇంకెవరూ లేరని వాళ్ల మేస్త్రీ ఒట్టేశాడు. ఎప్పటి నుంచి ఉంటున్నారయ్యా అని అడిగాను. వచ్చి పది రోజులైందన్నాడు. సాయంత్రాలు దీపాలు పెడతారా అన్నాను. "దీపాలెక్కడివండీ, సెల్లు లైటుతోనే వండుకుంటాం" అన్నాడు. నేను దీపాలు చూస్తున్నది జూన్ నుంచి. నీకు రాశాను కదా, ఉత్తరం ఉంటే తీసి చూసుకో.

చీకటి పడకముందే వంట అయింది. వండింది మహాలక్ష్మి, నీకు తెలీదు, నోరు పెద్దది, చేయి ఇంకా పెద్దది. వచ్చినవాళ్లు ముప్పై ఒకరే అయినా నలభై మూడు విస్తళ్లు వెయ్యమన్నాను. "ఎవరికండీ పన్నెండు" అంది. వేసి వడ్డించు అన్నాను. గాలివానలో ముసలాడికి మతి పోయిందనుకుని, గొణుక్కుంటూనే వేసింది. వరండా చివర, గోడవార, ఒకే వరసలో. అన్నం పెట్టి చారు పోసింది. మిగతా ఊళ్లవాళ్లు అప్పటికే తినేసి పై అంతస్తులో సర్దుకున్నారు, వీళ్లంతా లోపలి గదిలో తిన్నారు. నేను గుమ్మంలోనే ఉన్నాను, నన్ను దాటి వరండాలోకి ఎవరూ వెళ్లలేదు. నా కళ్ల సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. చెవులు కూడా అంతంతే. కానీ గుమ్మం ఇరుకు, దాటాలంటే నా మోకాళ్లు తగలాల్సిందే.

ఎంగిళ్లు తీయడానికి మహాలక్ష్మి వచ్చింది. లోపల ముప్పై ఒకటీ తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి, చెరువుల కూలీలకి మడత పెట్టే అలవాటు లేదు. వాటిని తొట్టిలో పడేసి వరండాలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. పన్నెండు విస్తళ్లూ మడిచి ఉన్నాయంది. వరసగా, ఒకదాని పక్కన ఒకటి. కూలీలు రెండోసారి తిన్నారని వాళ్లని కాసేపు తిట్టింది. వాళ్లు పిల్లల మీద ప్రమాణం చేశారు. చివరికి "ఎవరు తింటే ఏంలెండి, అన్నం పారేసే పని తప్పింది" అని పదకొండు తీసేసింది. పన్నెండోది నేను అడిగి తీసుకున్నాను.

దాన్ని ఈ కవర్లో పెడుతున్నాను. ఎండిపోయింది, జాగ్రత్తగా తియ్యి. విప్పకు.

తెల్లకాగితం మీద సిరా అయితే భూతద్దంతో చదువుతాను, ఆకు మీద ఆకు మడత నా కళ్లకి కనపడదు. వేళ్లతో తడిమితే తెలుస్తూనే ఉంది, కానీ నా వేళ్లు నాకు కావలసిందే చెబుతాయి. ఒకసారి నా లెక్కని నేనే నమ్మాను, దాని ఫలితం నలభై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇంకోసారి నమ్మను. దీవెనని అడిగితే భయపడుతుంది. నువ్వు నా తప్పు ఎరిగినదానివి, నేను నీ తప్పు ఎరిగినవాణ్ణి. నువ్వే చూడాలి. మూల ఎటువైపుకి దోపి ఉందో అదొక్కటే రాయి. కుడికైతే మహాలక్ష్మో ఇంకెవరో నా పాత శిష్యులే తమాషా చేశారనుకుని ఊరుకుంటాను.

తుఫాను వెళ్లినప్పటి నుంచి రోజూ సాయంత్రం కరకట్ట మీద కూర్చుంటున్నాను. రేవు అవతల చీకటే ఉంది. ఒక్క దీపం కూడా లేదు. నీ జవాబు వచ్చాక కళ్ల ఆపరేషనుకి గుడివాడ వస్తాను, మీ అమ్మకి చెప్పు.

యేసుదాసు

*

గుడివాడ,
నవంబరు 9

మాస్టారికి వందనాలు.

ఆఫీసు రికార్డులో ఈతదిబ్బ నుంచి చేరినవాళ్లు ముప్పై ఒకరని రాశాను. ప్రోగ్రాంలో నలభై మూడు అలాగే ఉంచాను. వెంకట్ గారు చూసి ఫైలు మూశారు.

కవరు పగలే తెరిచాను, వాకిట్లో, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. మడత విప్పలేదు. నాలుగు మడతలు, ఒక్క మెతుకు బయటపడలేదు. నా మడత కంటే చిన్నగా ఉంది, చిన్న చేతులు పెట్టినట్టు.

మూల ఎడమవైపుకి ఉంది.

హెప్సిబా